పేర్లు మూడు, మందు ఒక్కటే

 

ఉద్యోగ జీవితమంతా కాగితం చదవనిదే సంతకం పెట్టకూడదని నేర్చుకున్నవాళ్లం మేము. మందు విషయంలోనూ ఆ అలవాటే అవసరమని విన్నవించటానికి మీ ముందుకు వచ్చాము.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలోని మన ఇళ్లలో మేము తరచూ ఒక డబ్బా చూస్తుంటాము. అందులో జలుబు మాత్రలు, జ్వరం మాత్రలు, ఒళ్లు నొప్పుల మాత్రలు ఉంటాయి. పేర్లు మూడు. కాని షీటు వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదివితే, చాలాసార్లు మూడింటిలోనూ పారాసిటమాల్ కనిపిస్తుంది. మూడూ కలిపి మింగితే ఒకే మందును మూడింతలు మింగినట్టే.

ఆరోగ్యవంతులైన పెద్దలు 24 గంటలలో 4000 మిల్లీగ్రాములకు మించి పారాసిటమాల్ తీసుకోరాదు. అంటే 500 మాత్రలైతే ఎనిమిది, 650 మాత్రలైతే ఆరు. జలుబు మాత్రలో ఉన్నదీ ఈ లెక్కలోనిదే. మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. మొదటి రోజు ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. కాలేయ వ్యాధి ఉన్నవారు, బాగా బలహీనంగా ఉన్నవారు డాక్టరును అడిగే వాడాలి.

టమాటా మార్కెట్టులో బరువులు మోసేవారు, మగ్గం మీద కూర్చునేవారు రోజూ నొప్పి మాత్ర మింగి పనికి పోవటం మేము ఎరుగుదుము. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి ఎక్కువ కాలం వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు, బీపీ పెరగవచ్చు. రంజాన్‌లో పరగడుపున వీటిని వేసుకోవద్దు. పగటి మోతాదును కూడా కలిపి ఇఫ్తార్ వేళ రెండింతలు మింగవద్దు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉన్నదని మరువవద్దు.

పెద్దల మందు పిల్లలకు పోయకండి. 12 ఏళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ వాడకాన్ని ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు మరణించారు. రెండేళ్లలోపు బిడ్డకు దగ్గు, జలుబు సిరప్ ఇవ్వనే వద్దు.

కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ అన్నీ వినిపిస్తాయి. షీటు మీది హెచ్చరికలు మాత్రం ఇంగ్లీషులో ఉంటాయి. ఉర్దూ మాత్రమే చదవగలిగిన తల్లి ఏం చేయాలి? అడగాలి. మందు వాడే విధానాన్ని రోగికి వివరించటం ఫార్మసిస్టు విధి అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. "ఇందులో ఏ మందు ఉంది? రోజుకు ఎన్ని? నేను వాడే మందులతో పడుతుందా?" ఈ మూడు ప్రశ్నలు అడగటం మన హక్కు. బిల్లు కూడా తీసుకోండి.

చదువుకున్న పిల్లలారా, ఈ రాత్రే ఇంటి డబ్బా తెరిచి, ఆ చిన్న అక్షరాలు అమ్మకు చదివి వినిపించండి.