మన తరువాత వాడికెవరు?

(సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, బకాయిల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద నా మనవడి గురించి మాట్లాడడానికి అనుమతించిన కార్యవర్గానికి ముందుగా కృతజ్ఞతలు. ఇది నా ఒక్కడి ఇంటి గోడు అయితే మీ కాలం వృథా చేసేవాణ్ణి కాదు. ఆ మధ్య బహుదా ఒడ్డున నడకకు వెళ్లినప్పుడు ఇద్దరు మిత్రులు వేర్వేరుగా నన్ను పక్కకు పిలిచి, తమ ఇళ్లలోనూ అటువంటి బిడ్డ ఉన్నాడని చెవిలో చెప్పారు. ఇది చెవిలో చెప్పుకోవలసిన మాట కాదనిపించి నేడు మీ ముందు నిలబడ్డాను.

మా వాడికి ఇప్పుడు 12 ఏళ్లు. రెండేళ్లు దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. కావలసినది వేలితో చూపకుండా నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టేవాడు. బోర్లించిన సైకిలు చక్రం తిప్పుకుంటూ గంటలు గడిపేవాడు. "గుంటడు ఇంకా పలకడేటి?" అని ఇరుగుపొరుగు అడిగేవారు. దిష్టి తీశాం. పీర్లకొండ ఎక్కి మొక్కుకున్నాం. మొక్కులను తప్పుపట్టను, అవి మాకు ధైర్యమిచ్చాయి. మొక్కుతోపాటు పరీక్ష కూడా చేయించి ఉంటే రెండేళ్లు కలిసివచ్చేవి.

నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. మా కోడలు బరంపురం పిల్ల. ఇంట్లో తెలుగు, ఒడియా రెండూ వినబడడం వల్లే బిడ్డకు మాట రావడం లేదని నేనే తేల్చి, వాడితో ఒడియా ఆడవద్దని ఆమెకు ఆంక్ష పెట్టాను. రాని తెలుగులో ఆమె బిడ్డను లాలించలేక క్రమంగా మౌనంగా ఉండిపోయింది.

నాలుగో ఏట సికింద్రాబాదు తీసుకువెళ్లాం. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలై, నేడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. పేరుతో మనోవికాస్ నగర్‌లో నడుస్తున్న సంస్థ అది. ఆటిజం అని అక్కడ చెప్పారు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లలను గమనించి వర్ణించిన స్థితి ఇది. మెదడు ఎదుగుదలలో మొదటినుంచీ ఉండే తేడా. ఎదుటివారితో మాట కలపడం కష్టమవుతుంది. చేసినదే చేయాలనిపిస్తుంది. కొందరికి శబ్దం, వెలుగు, తాకిడి భరించరానివవుతాయి. కొందరిలో బుద్ధిమాంద్యం కూడా ఉంటుంది గాని అందరిలోనూ కాదు.

తల్లి ప్రేమ చాలక ఇది వస్తుందని 1950, 60లలో ప్రచారమైన వాదం తప్పని తేలింది. టీకాకూ దీనికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. రెండు భాషల వల్ల కూడా రాదు. తల్లి తనకు సహజమైన భాషలోనే బిడ్డతో మాట్లాడడం మంచిదన్నారు. ఆ మాట విని నేను తలవంచుకున్నాను. ఆరో ఏట వాడి నోట వచ్చిన మొదటి మాట "పాణి". ఒడియాలో నీళ్లు అని అర్థం.

ఇది మందుతో పోయేది కాదు, శిక్షణతో మెరుగుపడేది. నయం చేస్తామని వేలకు వేలు గుంజేవారిని నమ్మకండి. మా ఇంట్లో పనిచేసినవి చిన్న చిన్న సంగతులే. లేచినది మొదలు పడుకునే వరకు చేయవలసిన పనులను బొమ్మలుగా గీసి గోడకు అంటించాం. ఒక్కసారి ఒక్క మాటే చెప్తాం. జవాబు కోసం మనసులో పది లెక్కపెట్టి ఆగుతాం. పెళ్లిలో బ్యాండు మొదలయ్యే ముందే వాడిని బయటకు తీసుకుపోతాం. చెవులు మూసుకుని అరిచే బిడ్డను మొండివాడనుకుని కొట్టడం, కాలు విరిగినవాణ్ణి నడవలేదని కొట్టడం వంటిదే. మండలంలోని భవిత కేంద్రంలో ఉపాధ్యాయురాలు ఇచ్చిన శిక్షణ వల్ల వాడు నేడు తన చొక్కా తానే తొడుక్కుంటాడు, తన పళ్లెం తానే కడుగుతాడు.

ఇక హక్కుల మాట. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో చేరింది. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇదీ ఒకటి. 40 శాతం ధ్రువపత్రం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. 18 నిండిన తరువాత, అవసరమైనవారికి, కలెక్టరు అధ్యక్షతన గల స్థానిక కమిటీ ద్వారా సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవచ్చు.

మనకు ముఖ్యమైనది ఇంకొకటి. సంపాదించుకోలేని వైకల్యమున్న కొడుకుకు గాని కుమార్తెకు గాని, నిబంధనల మేరకు వైద్య ధ్రువపత్రం ఉంటే, కుటుంబ పింఛను జీవితాంతం వస్తుంది. అటువంటి బిడ్డ ఉన్నవారు మీ కుటుంబ వివరాల పత్రంలో ఆ పేరు ఉందో లేదో రేపే చూసుకోండి. మనం పోయాక చదువురాని తల్లి చేత ఆఫీసుల చుట్టూ తిప్పించవద్దు.

ఈ సదుపాయం మనవలకు వర్తించదు. వాడి తండ్రిది ప్రైవేటు కొలువు. కనుక నా పింఛను నాతోనే ఆగిపోతుంది. మరి వాడికి నేనేమి మిగల్చగలను? రాత్రిళ్లు నిద్రపట్టక వేసుకునే ప్రశ్న ఇదే. వాడిని ఎరిగిన నలుగురు మనుషులను మిగల్చగలను. అందుకే నేడు వాడిని వెంట తీసుకువచ్చాను. ఆ చివరి కుర్చీలో తల్లి పక్కన కూర్చున్నాడు. మీ వైపు చూడకపోవచ్చు, కాని మీ మాట వింటాడు.

ఒక్క విన్నపం. మనమంతా ఫైళ్లతో, ఫారాలతో బతికినవాళ్లం. లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో మన సంఘం కార్యాలయంలో ఒక బల్ల వేసి, కవిటి, సోంపేట, పలాస వైపు నుంచి ఎవరు వచ్చినా ఇటువంటి బిడ్డల ధ్రువపత్రాలకు, పింఛను దరఖాస్తులకు సాయం చేద్దాం. మొదటి రోజు నుంచి నేను కూర్చుంటాను. మరొక ఇద్దరు కావాలి.