తోడు వాద్యము

1931లో నిజాంసాగరు పూర్తియైన పిదప వర్ని పరిసరముల పొలములకు కాలువ నీరు వచ్చినది. ఆ నీటి వెంబడి కోస్తా జిల్లాల రైతులు వచ్చి, క్యాంపులు కట్టుకొని స్థిరపడిరి. వారు బుర్రకథ ఎరిగినవారు. ఇచ్చటివారు శారదకథ ఎరిగినవారు. రెంటి పద్ధతియు దాదాపు ఒక్కటే. కథకుని భుజమున తంబుర జాతి వాద్యము, వ్రేళ్లకు అందెలు, ప్రక్కల వంతలు. కథకుడు ఎంత దూరము పోయినను వంతలు లయను విడువరు. ఆ ధైర్యముతోనే అతడు పోగలుగును.

15వ శతాబ్దపు ఇటలీ సంగీతమును పరిశీలించినపుడు మాకు ఈ ధర్మమే కనిపించినది. అచ్చటి ప్రధాన తంత్రీవాద్యము ల్యూటు. అరబ్బుల ఊద్ దానికి మూలము; పేరును అందుండియే వచ్చినది. సగము కోసిన సొరబుర్ర వలె గుండ్రని వీపు, మెడకు చుట్టి కట్టిన నరముల మెట్లు, జంటలుగా తీగెలు. మొదట దానిని పక్షి ఈకతో మీటెడివారు. ఈకతో ఒక వరుస స్వరములను వేగముగా పలికింపవచ్చును గాని, పలు వరుసలను ఒకేసారి పలికించుట కష్టము. కావున ఇద్దరు కలసి కూర్చుండెడివారు. ఒకరు టెనర్ అను ఆధార భాగమును నిలిపి పట్టగా, రెండవవారు దానిపై అల్లికలు అల్లెడివారు. 1497లో మరణించిన ఫెర్రారా ఆస్థాన విద్వాంసుడు పియెత్రోబోనో ఇట్టి అల్లికలకు ప్రసిద్ధుడు. అతనికిని టెనర్ పట్టు తోడు ఉండెను.

ఆ శతాబ్దాంతమున వ్రేళ్లతో మీటుట వ్యాపించి, ఒక్కరే పలు వరుసలు వాయింపగలిగిరి. అయినను జంట వాద్యము వెంటనే పోలేదు. 1507లో వెనిస్ నగరమున పెత్రూచి అచ్చువేసిన స్పినాచీనో ల్యూటు పుస్తకములలో ఇద్దరికై కూర్చిన రచనలు కలవు.

ఆ పుస్తకముల లిపి సులభమైనది. ఆరు గీతలు ఆరు జంట తీగెలకు గుర్తు. గీతపై నున్న అంకె ఏ మెట్టున వ్రేలుంచవలెనో చెప్పును. సున్న యనగా వట్టి తీగె. తరువాతి కాలమున ల్యూటు వాడుక తప్పినది. 1893లో ఇంగ్లాండునందు ఆర్నల్డ్ డోల్మెచ్ పాత నమూనాలను చూచి ల్యూటును మరల తయారుచేసెను. పాత పుస్తకములు మిగిలియుండుటచే ఆ సంగీతము తిరిగి చేతికందినది.

మన పన్నెండు మెట్ల కిన్నెర, శారద గురువు చేతినుండి శిష్యుని చేతికి వచ్చిన విద్యలు. 2022లో కిన్నెర వాదకుడు దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ లభించుట మనకెల్లరకు సంతోషకరము. కాని పురస్కారము ఒకరికి వచ్చును. విద్య నిలుచుటకు ఇద్దరు కావలెను.

రేడియోవారమైన మేము నాదమును భద్రపరుపగలము. వ్రేలు ఎచ్చట ఆగినదో, వంత ఎప్పుడు అందుకొనవలెనో ప్రక్కన కూర్చున్నవానికే తెలియును. వర్ని ప్రాంత శ్రోతలకు మా మనవి ఒక్కటే. మీ ఊరికి కథకులు వచ్చినపుడు ఆదరించి వినుడు. ఆసక్తిగల పిల్లలను వారి చెంత కూర్చుండబెట్టుడు. నేడు వంత పట్టినవాడే రేపు కథ నడుపును.