పోలీసుల తప్పుకు పరిహారం: ఒక గుమాస్తా మాట
(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల మీద మిత్రులు మాట్లాడారు. నన్ను పోలీసు కేసుల మీద మాట్లాడమన్నారు. నేను వకీలును కాను. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు రాసిన గుమాస్తాను. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మనలో చాలామంది పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి వస్తున్నారు. 2015లో అలబామా రాష్ట్రంలోని మాడిసన్‌లో, కొడుకు ఇంటికి వెళ్లిన ఒక గుజరాతీ పెద్దాయన వీధిలో నడుస్తుంటే పోలీసు ఆపి నేలకు పడేశాడు. వెన్నెముక దెబ్బతిన్నది. ఆయన నగరం మీద దావా వేస్తే 2021లో 17.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అక్కడ పోలీసులు నగరం కింద ఉంటారు. ఇక్కడ మున్సిపాలిటీకి పోలీసులతో సంబంధం లేదు. దావా రాష్ట్ర ప్రభుత్వం మీదనే వేయాలి. అంతకుముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి.

ఇక్కడ గెలిచినవారున్నారా అంటే ఉన్నారు. 1977 మే 5 అర్ధరాత్రి దాటాక, కర్నూలు జిల్లా కోవెలకుంట్ల సబ్ జైలులోకి దుండగులు చొరబడి, తండ్రీకొడుకులున్న గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బయటపడ్డాడు. మా ప్రాణాలకు ముప్పుందని వారు ముందే మొరపెట్టుకున్నారు. అయినా తగినంత కాపలా పెట్టలేదు. పది లక్షలకు దావా వేస్తే, జైలు నిర్వహణ సార్వభౌమ విధి, మాకు బాధ్యత లేదన్నది సర్కారు. కింది కోర్టు గడువు దాటిందని కొట్టేసింది. 1989లో హైకోర్టు ఆ వాదన తోసిపుచ్చి 1,44,000 రూపాయలు వడ్డీతో ఇమ్మన్నది. మనిషి ప్రాణం ముందు సార్వభౌమత్వం సాకు చెల్లదన్నది. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. అదే చల్లా రామకృష్ణారెడ్డి కేసు. ఇరవై మూడేళ్లు పట్టింది!

కోదాడ దాటితే నందిగామ. ఆ ప్రాంతపు కుర్రవాణ్ణి ఒక హత్య కేసులో ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉంచి, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అన్నది. లక్ష రూపాయలు ఇమ్మన్నది. లెక్క కట్టి చూశాను, రోజుకు 35 రూపాయలు కూడా పడలేదు.

ఇక నా సంగతి. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నేను పనిచేసిన ఒక ఆఫీసుకు ఒక తల్లి వచ్చింది. కొడుకును కేసు లేకుండా రెండు రాత్రులు ఠాణాలో పెట్టారని కాగితం తెచ్చింది. తీసుకుంటే పైవాళ్లు సంజాయిషీ అడుగుతారని భయపడి, "అమ్మా, ఇది మా సెక్షన్ కాదు" అని తిప్పి పంపాను. కొన్ని నెలల తర్వాత కోర్టు ఆవరణలో కనబడి, "సారూ, నేనొచ్చినట్టు మీ దగ్గర ఏమన్న రాసి ఉన్నదా? వకీలు సాబు అడుగుతున్నడు" అన్నది. ఏముంటుంది? లేకుండా చేసింది నేనే.

కోవెలకుంట్ల వారి మొర కోర్టులో నిలబడింది. ఆ తల్లి మొర ఇన్‌వర్డ్ రిజిస్టరు కూడా ఎక్కలేదు. అందుకే చెబుతున్నాను. కాగితం ఇస్తే తేదీ, ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అక్రమ నిర్బంధానికి పరిహారం దావా, విడుదలైన ఏడాదిలోపే వేయాలి. ఇంకొకటి మనకోసమే ఉంది. 2024 జూలై 1 నుండి అమలైన కొత్త చట్టం 35వ సెక్షన్ ప్రకారం, మూడేళ్లకన్నా తక్కువ శిక్ష పడే నేరాల్లో అరవై దాటినవారిని డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు.

మనకు దరఖాస్తు రాయడం వచ్చు. మన వీధిలో రాయలేనివారికి రాసిపెడదాం. నా బాకీ నేను అలాగే తీర్చుకుంటున్నాను. సెలవు.