గడీలు మన దగ్గరే కాదు, జపాన్‌లోనూ ఉండె

(కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ఉపన్యాసం)

అన్నలారా, అక్కలారా, కూలి పోగొట్టుకొని వాడవాడల నుంచి వచ్చిన తమ్ముళ్లారా!

ఇయ్యాల జపాన్ గురించి మాట్లాడుతామంటే కొందరు నవ్విండ్రు. మన ఊరి భూమి సంగతే తెగలేదు, జపాన్ ముచ్చట మనకెందుకు అన్నరు. ఎందుకో చెప్తాం. దొర మన తాతలకు ఒక మాట నేర్పిండు: ఇది బ్రహ్మ రాసిన రాత, మీ పూర్వజన్మ పాపం అని. జపాన్‌ను ఏలినోళ్లకు మనుస్మృతి లేదు. అయినా అక్కడ దొరలున్నరు, వెట్టి ఉంది, ఊరవతల వాడ ఉంది, చచ్చిన గొడ్డును మోసే కులం ఉంది. మరి రాసింది ఎవరు? అది తెలుసుకోవాలె.

ముందుగాల మన గడీ సంగతి చూద్దాం.

నిజాం రాజ్యంలో భూమి మూడు తీర్లు. నూటికి సుమారు అరవై వంతులు సర్కారు దివానీ, పది వంతులు నిజాం సొంత ఖర్చుకు సర్ఫేఖాస్, ముప్పై వంతులు జాగీర్లు. దివానీ ఊళ్లలో శిస్తు వసూలు చేసేటోళ్లు దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్నప్పుడు శిస్తు గుత్త పద్ధతి తీసేసి, 1865లో జిల్లాలు కట్టి, సర్కారు నౌకర్లను పెట్టిండు. దేశ్‌ముఖ్‌ల చేతిలోంచి వసూలు పోయింది. బదులుగా వాళ్లకు ఏటేటా రుసుం కట్టిచ్చిండ్రు. మరి వాళ్లు చిన్నబోయిండ్రా? లేదు. భూములు కొలిచి పట్టాలు రాసేనాడు లెక్కలు తెలిసింది వాళ్లకే, కలం పట్టింది వాళ్ల మనుషులే. దున్నినోని పేరు కాయితం మీద పడలే, దొర పేరు పడ్డది. మాలి పటేలు, పోలీసు పటేలు, పట్వారీ గిరి కూడా తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కు.

ఆ కాయితం బలంతోటి గడీ లేచింది. గడీకి ఏ కులం ఏం చెయ్యాల్నో లెక్క కట్టిండ్రు. చాకలి బట్టలు ఉతకాలె, మంగలి దొర కాళ్లు పిసకాలె, కుమ్మరి కుండలియ్యాలె, గొల్ల గొర్రెపిల్లనియ్యాలె, గౌండ్ల కల్లు పొయ్యాలె, సాలె బట్టనియ్యాలె. మాల మాదిగలకు మాత్రం ఇదీ అని లెక్క లేదు. దొర పొలం దున్నుడు, కట్టెలు కొట్టుడు, సర్కారు సామాను మోసుడు, కావలి కాసుడు, గొడ్డు చస్తే ఈడ్చుడు, చెప్పులు కుట్టుడు, డప్పు కొట్టుడు. పొద్దుగాల పిలుపు వస్తే రాత్రిదాకా. దొర బిడ్డకు పెండ్లయితే ఆడబాపలను కూడా ఎంట పంపిండ్రు. మనుషులను సామాను లెక్క అరణమిచ్చిండ్రు.

ఇగ జపాన్.

అక్కడ చక్రవర్తి క్యోటోలో పేరుకే ఉండె. 1603లో తొకుగావా ఇయెయాసు అనేటాయన షోగున్ అయ్యిండు. షోగున్ అంటే సేనాపతి. కత్తి ఎవని చేతిలుంటే రాజ్యం వానిదే. మన నిజాం కూడా 1857 దాకా పేరుకు ఢిల్లీ బాద్‌షా కిందనే, పెత్తనమంతా తనదే. అట్లనే ఇది. షోగున్ కింద రెండు వందల అరవై పైచిలుకు పెద్ద దొరలు. వాళ్లను దైమ్యోలు అంటరు. 1635 నుంచి వాళ్లు ఏడాది విడిచి ఏడాది షోగున్ ఊరు ఎదోలో ఉండాలె. పెండ్లాం పిల్లలు ఎప్పుడూ అక్కడనే, జామీను లెక్క. దైమ్యోల కింద సమురాయ్‌లు, రెండు కత్తులు కట్టుకొని తిరిగేటోళ్లు. రైతుల కత్తులు అంతకుముందే, 1588లో గుంజుకున్నరు. ఆయుధం గుంజినంకనే పన్ను పెంచుడు అలకగా అయితది, అది ఎక్కడైనా ఒక్కటే. శిస్తు బియ్యం రూపంల. ఐదిండ్లకు ఒక జట్టు, ఒకడు కట్టకపోతే మిగిలిన నలుగురూ జిమ్మేదార్లు. పెద్ద తొవ్వల పక్క ఊళ్లోళ్లు సర్కారోళ్ల మూటలు మొయ్యాలె, గుర్రాలియ్యాలె. మనం దాన్ని బేగారి అంటం.

ఒక తేడా ఉంది. అక్కడ సమురాయ్‌లను చాలామటుకు ఊళ్లలోంచి తీసి కోట పట్నాలల్ల పెట్టి, బియ్యం జీతం కట్టిండ్రు. ఊరి పెద్ద శిస్తు పంపాలె. మన దొర మాత్రం ఊరి నడుమనే గడీ కట్టుకొని కూసున్నడు. అందుకే ఇక్కడ పన్ను పంట మీదనే కాదు, ఒంటి మీద కూడా పడ్డది.

వీళ్లందరి కింద, లెక్కలకే రానోళ్లు రెండు తీర్లు. ఎటా అనే పేరును మస్తు మైల అనే అర్థం వచ్చే అక్షరాలతోటి రాసేటోళ్లు. హినిన్ అంటే మనిషి కానోడు. చచ్చిన గొడ్లను తీసుడు, తోలు పని, ఉరిశిక్షల కాడ చాకిరి వాళ్లది. వేరే వాడ, వేరే కట్టుబట్ట, వాళ్లతోటి పెండ్లి లేదు. యుద్ధానికి తోలు కావాలె, తోలు పని చేసేటోడు మాత్రం ముట్టరానోడు! ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలె. అక్కడ బుద్ధుని గుళ్లలోనే జనం పేర్లు రాసిండ్రు. ఆ గుళ్లల్లనే కొన్ని ఈ మనుషులు చచ్చినంక పెట్టే పేరుల కూడా కించపరిచే అక్షరాలు పెట్టినయి. కాబట్టి గుడి మీద ఎవరి పేరుందని కాదు, గుడి ఎవరి చేతిలుందని చూడాలె.

1868కల్లా షోగున్ పాలన పోయింది. 1871లో కొత్త సర్కారు ఈ పేర్లను రద్దు చేసింది. భూమి ఇయ్యలే, పైసలియ్యలే. చేతిలున్న తోలు హక్కు కూడా ఆ ఏడే పోయింది. 1873లో కొన్నిచోట్ల రైతులే తిరగబడి ఆ వాడలను తగులబెట్టిండ్రు, మనుషులను చంపిండ్రు. దొర కాదు, పక్క రైతు! ఇది మనకు కొత్తదా? 1922 మార్చి 3న క్యోటోలో వాళ్లే సొంత సంఘం పెట్టుకున్నరు, సుయిహేషా. అంటే అందరినీ సమం చేసేటోళ్ల సంఘం. పుట్టుక దాచుకోవద్దు, తల ఎత్తి చెప్పుకుందాం అన్నరు. 1994లో దండోరా మొదలైనప్పుడు మనోళ్లు పేరు పక్కన మాదిగ అని రాసుకున్నది యాది చేసుకోండి. అయినా 1975లో బయటపడ్డది ఏంటిది? ఆ వాడల పేర్లన్నీ అచ్చేసి కంపెనీలకు అమ్ముతున్నరని. నౌకరి ఇయ్యకుండ ఉండేతందుకు. 2016లో కూడా ఈ వివక్ష పోవాలని జపాన్ మళ్లీ చట్టం చెయ్యాల్సి వచ్చింది.

ఆదిలాబాద్ తమ్ముళ్లకు ఒక మాట. జపాన్ ఉత్తరాన ఐను అనే అడవి జనం ఉన్నరు. మత్సుమయే దొరల మోసానికి 1669లో షకుషైన్ నాయకత్వంల లేచిండ్రు. సంధి విందని పిలిచి ఆయనను చంపిండ్రు. 1940లో జోడేఘాట్‌ల నిజాం పోలీసులు కొమురం భీంను చంపిండ్రు. అడవి ఎవరిది అని అడిగినోనికి రెండు దేశాలల్ల ఒక్కటే జవాబు.

మన దగ్గర ఏమైంది? 1948 సెప్టెంబర్‌ల నిజాం లొంగిండు. 1949ల జాగీర్లు రద్దు, 1950ల కౌలుదారీ చట్టం, 1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం. చట్టాలు వచ్చినయి, గడీ కదలలే. కదిలింది ఎప్పుడు? 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రల వేలమంది కూలీలు, రైతులు నడిచినప్పుడు. చాకలి, మంగలి, జీతగాడు గడీకి పోవుడు బందు పెట్టినప్పుడు. అక్టోబర్‌ల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలన్నరు. పెత్తనం కదిలితేనే సర్కారుకు కల్లోలం కనపడ్డది.

1984ల పటేలు పట్వారీ వ్యవస్థ పోయింది. గడీలు కూలినయి, కొన్ని బళ్లయినయి. కాని దొర పట్నం పోతూ పోతూ కాయితం సంకల పెట్టుకొని పోయిండు. జపాన్‌లో పేర్లు రాసిన చిట్టా మనిషిని ఎంటబడ్డది. మన దగ్గర పేరు రాయని చిట్టా ఎంటబడుతున్నది.

కాబట్టి మేము చెప్పేది ఒక్క పని. మీ ఊరి 1954-55 ఖాస్రా పహాణీ నకలు తియ్యండి. పట్టాదారు ఎవరు, కాస్తు ఎవరిది, ఇనాం ఏది అని చదివేటోనితోటి చదివించండి. ముసలోళ్లు ఉండంగనే అడగండి: వెట్టికి బదులు ఏ మడి ఇచ్చిండ్రు, ఎన్నేండ్లు దున్నిండ్రు, ఎవరు గుంజుకున్నరు? సర్వే నంబరుతోటి నోట్‌బుక్కుల రాయండి. ఒక వాడ రాస్తే ముచ్చట అయితది, వంద వాడలు రాస్తే దావా అయితది.

దొర రాసిండు కాబట్టి దొరది అయింది. ఇప్పుడు మన పిల్లలకు రాసుడు వచ్చింది. రాద్దాం.

జై భీమ్!