కరీంనగర్ రెండుసార్లు తీర్పు చెప్పింది
(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరీంనగర్ ఉప ఎన్నిక అనగానే మనందరికీ రెండు లక్షల మెజారిటీ యాదికొస్తుంది. కానీ అక్కడ ఉప ఎన్నిక రెండుసార్లు జరిగింది. మొదటిది గొప్పగా చెప్పుకొని రెండోది దాచుకుంటే ప్రజలకు అన్యాయం చేసినవాళ్లమవుతాం.

2004లో టీఆర్ఎస్, కాంగ్రెస్ పొత్తు పెట్టుకున్నాయి. ఢిల్లీలో కమిటీ వేశారు, కాలం గడిపారు. 2006 ఆగస్టులో కేసీఆర్ కేంద్ర మంత్రి పదవి వదులుకున్నారు. కాంగ్రెస్ ఓట్లతో గెలిచిన సీటు అది, చేతనైతే రాజీనామా చేసి మళ్లీ గెలవాలని రాష్ట్ర మంత్రి ఎం. సత్యనారాయణరావు సవాలు విసిరారు. సెప్టెంబరులో కేసీఆర్ ఎంపీ పదవికీ రాజీనామా ఇచ్చారు. డిసెంబరులో పోలింగ్. ఎదుట కాంగ్రెస్ అభ్యర్థి టి. జీవన్ రెడ్డి, ఆయన వెనుక మొత్తం ప్రభుత్వం.

తెలంగాణవాదం నాయకుల పదవుల కోసమేనని అన్నవాళ్లకు ఓటరు జవాబిచ్చాడు. పొత్తులో వచ్చిన దానికంటే ఎక్కువ మెజారిటీ ఇచ్చాడు. సవాలు చేసిన మంత్రి పదవి నుంచి దిగిపోయారు.

పద్దెనిమిది నెలలు తిరగకముందే, 2008లో మళ్లీ మూకుమ్మడి రాజీనామాలు. నాలుగు పార్లమెంటు, పదహారు అసెంబ్లీ స్థానాలకు ఉప ఎన్నికలు. టీఆర్ఎస్‌కు దక్కినవి రెండు, ఏడు. ఆదిలాబాద్, వరంగల్ పార్లమెంటు సీట్లు పోయాయి. అదే కరీంనగర్‌లో రెండు లక్షల మెజారిటీ పదిహేను వేలకు దిగింది.

ఆ రోజు మేం డబ్బును తిట్టాం, మద్యాన్ని తిట్టాం. అవి అబద్ధం కాదు. కానీ 2006లోనూ అవి ఉన్నాయి కదా! పల్లెలో జనం అడిగిన ప్రశ్న వేరు: మొన్ననే గెలిపించాం, ఆ గెలుపుతో ఏం చేశారు? ఈ ప్రశ్న అడిగినవాళ్లను ద్రోహులని అనుకోవడం మా పొరపాటు. రెండు లక్షలు ఇచ్చిన చేతులు కూడా వాళ్లవే.

2009 డిసెంబరు తర్వాత విద్యార్థులు, ఉద్యోగులు జేఏసీలుగా కదిలారు. 2010 జులైలో పన్నెండు అసెంబ్లీ స్థానాల్లో టీఆర్ఎస్ పదకొండు, బీజేపీ ఒకటి గెలిచాయి. అప్పటి రాజీనామాల వెనుక ఊరూరా ఉద్యమం ఉంది. తేడా అక్కడుంది.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ పాఠం మాత్రం పాతబడలేదు. పదవి నాయకుడికి ఇచ్చింది ఓటరు. దాన్ని వదిలేటప్పుడు ఎందుకో ఓటరుకు చెప్పాలి, మళ్లీ గెలిచాక ఏం చేశాడో లెక్క అప్పజెప్పాలి. ఏ జెండా పట్టుకున్నవాడినైనా సరే, ఆ లెక్క అడగడం మనం మానొద్దు.

జై తెలంగాణ!