పేడ ఎవరిది, మంట ఎవరిది?

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన పల్లెలో ఉమ్మడి గోబరు గ్యాసు తొట్టి కట్టవలెనను ప్రతిపాదన సంఘము ముందున్నది. పెద్దలు కొందరు ఔననిరి. పశువులు లేని కుటుంబములవారు మాత్రము పెదవి విప్పలేదు. ఆ మౌనమును గూర్చియే మేము నేడు రెండు మాటలు మనవి చేయదలచితిమి.

తొట్టి పనితీరు మీలో పలువు రెరిగినదే. పేడను సమానమైన నీటితో కలిపి, గాలి చొరని తొట్టిలో నుంచినచో, సూక్ష్మజీవులు దానిని జీర్ణము చేసి వాయువును పుట్టించును. అందులో సగమునకు పైగా మీథేను, మండునది అదియే. కిలో పేడకు ఇంచుమించు 40 లీటర్ల వాయువు వచ్చును. నలుగురైదుగురున్న ఇంటి వంటకు 2 ఘనమీటర్ల తొట్టి చాలును గాని, దానికి దినమునకు 50 కిలోల పేడ, అనగా నాలుగైదు పశువులు కావలెను. పేడను పిడకగా కాల్చినచో అందలి నత్రజని చాలవరకు పొగలో పోవును. తొట్టినుండి వెలువడు మడ్డిలో అది నిలిచియుండును. కనుక పొయ్యి వెలిగిన పిదప కూడ పొలమునకు ఎరువు మిగులును. (సంక్రాంతి గొబ్బెమ్మలకు పేడ కరవగునా యని ఒక అవ్వ అడిగినది. ఆ మాత్రము మిగులును.)

ఈ తుమకూరు జిల్లాలోనే, కుణిగల్ తాలూకాలో పుర అను చిన్న గ్రామము కలదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అమూల్యకుమార్ రెడ్డిగారును, వారి సహచరులును అచట ఉమ్మడి తొట్టి కట్టించిరి. మొదట ఇంటింటి వంటకు వాయువు పంచదలచిరి. ఉన్న పేడ అందరి పొయ్యిలకును చాలదాయెను. ఆ యత్నము నిలువలేదు. మీకేమి కావలెనని గ్రామస్థుల నడుగగా, నీరు కావలెననిరి. 1987లో అదే వాయువును డీజెలుతో కలిపి ఇంజను నడిపి, కొళాయిలకు నీరెక్కించిరి. ఇండ్లకు దీపములు పెట్టిరి. పేడ తెచ్చినవారికి కిలోకు 2 పైసలు చెల్లించి, మడ్డిని ఎవరి పాలు వారికి తిరిగి యిచ్చిరి. రెండు పైసలా యని నవ్వకుడు. పశువు గలవాని పేడకు వెల ముట్టినది, నీరు ఊరందరిదైనది.

నేడు మనకు కరెంటు దీపములున్నవి. కావున ఆ వాయువును బడిలోని మధ్యాహ్న భోజనపు వంటశాలకు ఇచ్చుట మేలని మా అభిప్రాయము. పశువులు లేనివారి బిడ్డలును అచటనే భుజింతురు. సెలవు దినములలో అంగనవాడికి మళ్లింపవచ్చును. వాయువును ఊరక గాలికి వదలరాదు, మీథేను భూమిని వేడెక్కించును.

చెరకు, మొక్కజొన్నలనుండి ఇథనాలు తీయు సంగతిని యువకులు కొందరు ప్రస్తావించిరి. నీటికి అల్లాడు మన మెట్టలకు ఆ ముచ్చట తగదు. తొట్టికి సైతము కిలో పేడకు లీటరు నీరు వలయును. అది ఏ బావినుండి వచ్చునో ముందుగా తేల్చవలెను.

ఇక లెక్కలు. మన పిల్లలు కన్నడము చదువుదురు, పెద్దలలో పలువురు తెలుగే చదువుదురు. పేడ తూకము, చెల్లింపు, మడ్డి పంపకము రెండు భాషలలోను వ్రాసి బడి గోడకు అంటింపవలెనని కోరుచున్నాము. వచ్చే సమావేశమునకు పశువులు లేని ఇండ్లనుండి ఇద్దరు స్త్రీలను ఉపసంఘములోనికి తీసికొనిన తరువాతనే ఓటు పెట్టుడు.