‘వాటర్‌షెడ్’లో షెడ్డు లేదు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు గనుక ఒకే ఒక్క మాట గురించి చెప్పి కూర్చుంటాను. అది ‘వాటర్‌షెడ్’.

హనుమంతరావు కమిటీ సిఫార్సుల మీద 1995 ఏప్రిల్ నుంచి ఈ పథకానికి కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. సుమారు 500 హెక్టార్లు ఒక యూనిట్టు. అప్పుడు నేను అరకు ప్రాంతంలో ఒక కార్యాలయంలో గుమస్తాను. ఇంగ్లీషు సర్క్యులరును తెలుగు నోటీసుగా రాసే పని నాకు పడింది. నిఘంటువు తీసే ఓపిక లేక ‘నీటి షెడ్డు’ అని రాసేశాను.

నెల తిరక్కుండా ఒక కొండ ఊరికి వెళ్తే, అక్కడివారు రెండురోజుల కూలి మానుకొని గెడ్డ పక్కన జాగా చదును చేసి ఉంచారు. ఊరి పెద్దాయన, “బాబూ, రేకులెప్పుడొస్తాయి?” అనడిగాడు. కాగితంలో తప్పు పడిందన్నాను. రాసింది నేనేనని చెప్పలేదు. ఇవాళే మొదటిసారి చెబుతున్నాను.

తరవాత నిఘంటువు తీశాను. రేకుల షెడ్డు వేరు, ఈ షెడ్ వేరు. మొదటిది ‘షేడ్’, అంటే నీడ, అనే మాటకు రూపాంతరమని పండితుల అభిప్రాయం. రెండోదానికి పాత ఇంగ్లీషులో విడదీయడమని అర్థం. స్కాట్లండులో తల పాపిడిని కూడా షెడ్ అనేవారట. జర్మన్ భాషలోని ‘వాసర్‌షైడె’ను చూసి 19వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లీషువారు ఈ జంటపదం కట్టుకున్నారంటారు. నీటిని రెండువైపులకు చీల్చే కొండగట్టుకే మొదట ఆ పేరు. పోనుపోను, ముఖ్యంగా అమెరికాలో, ఆ గట్టు నుంచి నీరు జారే ప్రాంతమంతటికీ వాడారు. మన పథకానిది ఈ రెండో అర్థమే. ఇదంతా మా ఆవిడకు చెబితే, “పాపిడని రాస్తే పోయేదిగా!” అంది.

మన కొండల్లో ఆ పాపిడి కళ్ళకు కనబడుతుంది. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలూ తాటిపూడీ దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మాచ్‌ఖండ్ మాడుగుల కొండల్లో పుట్టి, దిగువన సీలేరనిపించుకొని, శబరితో కలిసి కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. ఈ కొండల వానే, ఇటు పడితే భీమిలికి, అటు పడితే గోదావరికి.

మళ్ళీ ఆ ఊరు వెళ్ళినప్పుడు, కొండగట్టు చూపించి పెద్దాయనకు ఇదంతా చెప్పాను. “ఇది మాకు తెలిసిందే గదా బాబూ, దీనికి షెడ్డని పేరెందుకు పెట్టారు?” అన్నాడు.

వాళ్ళు చదును చేసిన జాగాలో అప్పటికే చోళ్ళు నూర్చే కళ్ళం వేసుకున్నారు. సెలవు.